గ్రీసు దీవిలో వారం రోజులు: సాంటొరీనిలో బీచ్ హోటల్ ఏది మంచిది?

లీడ్స్ నుంచి: అందరికీ నమస్కారమండి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద యూకే వచ్చి ఐదు నెలలైంది. ఆగస్టు మధ్యలో వారం సెలవు దొరికేలా ఉంది. బాబుకి మూడేళ్లు, వాడికి సముద్రం చూపించాలని ఆశ. సాంటొరీనిలో బీచ్ పక్కనే మంచి హోటల్ ఉంటే చెప్పండి. ఇండియా లైసెన్సు మీద కారు ఇస్తారా? మేం శాకాహారులం.

బర్మింగ్‌హామ్ నుంచి: హోటల్ తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు వీసా. యూకే వీసా ఉన్నంత మాత్రాన గ్రీసులోకి రానివ్వరు. మన పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా (గ్రీసు, ఇటలీ లాంటి చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, ఎంత ఆలస్యమైనా పదిహేను రోజుల ముందు ఫైలు పడిపోవాలి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరేళ్ల లోపు పిల్లలకి లేదు. అప్లికేషన్ తీసుకునే వీసా సెంటర్ వాళ్ల సర్వీసు చార్జీ దీనికి అదనం. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, లోతుగా చూడాల్సి వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. వీటన్నిటికంటే కష్టం ఆ సెంటర్లో అపాయింట్‌మెంటు స్లాటు దొరకడం. వేసవి స్లాట్ల కోసం ఎండలు మొదలయ్యాక వెతికితే చాలాసార్లు ఖాళీ ఉండదు.

పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు గడువుండాలి. ఈవీసా షేర్ కోడ్ (మీ యూకే వీసాని ఆన్‌లైన్లో చూపించే కోడ్), ఆఫీసు లెటరు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, పే స్లిప్పులు పెట్టండి. ఇన్సూరెన్సు 30,000 యూరోలకి తగ్గకూడదు. ఫైలు దెబ్బతినేది చిన్న చిన్న వాటి దగ్గరే. ఉదాహరణకి విమానం దిగేది 10న అయితే, ఇన్సూరెన్సు పొరపాటున 11 నుంచి తీసుకుని ఉంటారు. హోటల్ బుకింగులో ‘ఇద్దరు పెద్దలు, ఒక బాబు’ అని ఉంటుంది గానీ పేర్లుండవు. హోటల్‌కి మెయిలు పెట్టి ముగ్గురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. వీసా వచ్చేదాకా డబ్బు వెనక్కిరాని టికెట్టు, గది కొనకండి.

స్లౌ నుంచి: ఒక్క మాట. ముందు ఏ దేశంలో దిగితే ఆ దేశానికే అప్లై చేయాలి. ఇటలీ మీదుగా చవక టికెట్లుంటాయి, అలా వెళ్తే ఇటలీ ఫైలే వేయాలి.

బర్మింగ్‌హామ్ నుంచి: కాదండీ, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికి వేయాలి. రాత్రులు సమానమైతేనే మొదట దిగే దేశం లెక్కలోకొస్తుంది. రోములో ఒక రాత్రి, గ్రీసులో ఆరు రాత్రులు అంటే గ్రీసు ఫైలే. దిగాక వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి 2025 అక్టోబరు నుంచి మొదలైంది, క్యూకి టైము పెట్టుకోండి.

రెడింగ్ నుంచి: సాంటొరీని చూడ్డానికి అందమే, మూడేళ్ల పిల్లాడితో సముద్ర స్నానానికి మాత్రం కాదు. ఫొటోల్లో కనిపించే తెల్ల ఇళ్లన్నీ కొండ అంచు మీద ఉంటాయి. అక్కడ బీచ్ ఉండదు, మెట్లుంటాయి. ప్రామ్ మడిచి భుజాన వేసుకోవాల్సిందే. బీచులు దీవికి అవతలి వైపు, పెరిస్సా, కమారి. అది అగ్నిపర్వతం నల్ల ఇసుక, మధ్యాహ్నానికి కాలు పెట్టలేనంత కాలుతుంది.

మీకు సరిపోయేది నాక్సోస్ దీవి. ఓడ దిగిన ఊరి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో అగియోస్ జార్జియోస్ బీచ్ ఉంది. చాలా దూరం లోపలికి వెళ్లినా పెద్దవాళ్లకి మోకాలు దాటదు, బాబు కూర్చుని ఆడుకోవచ్చు. బస్సులో వెళ్తే అగియోస్ ప్రొకోపియోస్, అగియా అన్నా, ఆ తర్వాత నాలుగు కిలోమీటర్ల పొడవున ప్లాకా. కారు లేకుండానే వారం గడిచిపోతుంది.

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మెట్రో నేరుగా పిరేయస్ రేవుకి వెళ్తుంది, దాదాపు గంట. అక్కడి నుంచి పెద్ద ఓడలో అయిదున్నర గంటలు, స్పీడ్ బోటులో మూడున్నర. బాబుకి చార్జీ ఉండదు గానీ వాడి పేరున కూడా టికెట్టు తీయాలి. నాక్సోస్‌లో ఓడ ఆగేది కొన్ని నిమిషాలే. అనౌన్స్‌మెంటు రాగానే కింది గ్యారేజీలోకి దిగి, సామాను పట్టుకుని, తలుపు తెరుచుకునేదాకా అక్కడే నిలబడాలి. పైన కూర్చుండిపోతే తర్వాతి దీవిలో దిగుతారు.

మిల్టన్ కీన్స్ నుంచి: రెడింగ్ అన్నా, ఆగస్టులో పిల్లాడితో ఓడలెందుకు? జులై, ఆగస్టుల్లో మెల్తెమి అని ఉత్తరపు గాలి రోజుల తరబడి కొడుతుంది. గాలి ముదిరితే ముందు స్పీడ్ బోట్లు ఆపేస్తారు, ఇంకా పెరిగితే పెద్ద ఓడలు కూడా. పైగా ఆగస్టు 15 వాళ్లకి పెద్ద పండగ, ఆ వారం ఓడలన్నీ కిక్కిరిసి ఉంటాయి. క్రీట్ దీవికి అయితే ఇక్కడి నుంచి నేరుగా విమానం.

రెడింగ్ నుంచి: అందుకేగా పెద్ద ఓడ ఎక్కమనేది. తిరుగు ప్రయాణంలో విమానానికి ఒక రోజు ముందే ఏథెన్స్ చేరిపోతే గాలి భయం ఉండదు. క్రీట్ పొడవు 260 కిలోమీటర్లు. తూర్పు వైపు హెరాక్లియన్‌లో దిగి అక్కడే గది తీసుకుని, పడమటి కొసన ఉన్న ఎలఫోనీసి బీచ్ గులాబీ ఇసుక చూద్దామనుకుంటే ఏమవుతుందో కూడా చెప్పండి మరి.

మిల్టన్ కీన్స్ నుంచి: అది నిజమే. హెరాక్లియన్ నుంచి హన్యాకే రెండున్నర గంటలు, అక్కడి నుంచి ఎలఫోనీసికి ఇంకో గంటన్నర. అందుకే హన్యా విమానాశ్రయానికే టికెట్టు తీయాలి. ఎలఫోనీసిలో నీళ్లు పిల్లలకి భలే ఉంటాయి, లోతు లేదు. పొద్దున్నే చేరాలి. అక్కడి ఇసుక తీసుకురాకూడదు, బాబు జేబులు కూడా చూసుకోండి. బాలోస్ బీచ్‌కి కిస్సామోస్ నుంచి పడవలో వెళ్లండి. కారు దారి మట్టిరోడ్డు, దానికి అద్దె కార్ల ఇన్సూరెన్సు మామూలుగా వర్తించదు.

కోవెంట్రీ నుంచి: కారు అడిగారు కదా, దాని సంగతి నేను చెప్తా. కొత్తగా వచ్చినవాళ్లు ఇబ్బంది పడేది లైసెన్సు కంటే కార్డు దగ్గర. నెట్‌లో వారానికి 180 యూరోలని చూసి డెబిట్ కార్డుతో కట్టేస్తారు. కౌంటర్లో క్రెడిట్ కార్డు ఇమ్మంటారు, అది కూడా నడిపే మనిషి పేరు మీదే ఉండాలి, కార్డు మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉండాలనే చోట్లు కూడా ఉన్నాయి. భార్య కార్డు చెల్లదు. ఇక్కడికొచ్చి ఐదు నెలలైతే క్రెడిట్ హిస్టరీ ఉండదు, క్రెడిట్ కార్డే ఉండకపోవచ్చు. అప్పుడు రెండే దారులు. కౌంటర్లో వాళ్ల పూర్తి ఇన్సూరెన్సు కొనాలి, దాంతో బిల్లు రెట్టింపు కావొచ్చు. లేదా కట్టిన డబ్బు వదులుకుని బయటికి రావాలి. క్రెడిట్ కార్డు ఉన్నా వందల యూరోలు బ్లాక్ చేస్తారు, కొన్నిచోట్ల వెయ్యి దాటుతుంది. లిమిట్ అంత లేకపోతే కారు ఇవ్వరు. బుక్ చేసే ముందే డిపాజిట్ ఎంత, డెబిట్ కార్డు నడుస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. క్రీట్‌లో డిపాజిట్ లేకుండా ఇచ్చే స్థానిక సంస్థలు చాలా ఉన్నాయి. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం ఇన్సూరెన్సులో ఉన్నాయో లేదో చూసుకోండి. తాళం తీసుకోగానే నాలుగు వైపులా, చక్రాల అంచులు, పెట్రోలు ముల్లు వీడియో తీయండి.

ఇండియా లైసెన్సుకి తోడు మన ఆర్టీవో ఇచ్చిన ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) ఉండాలి, అది ఏడాదే పనిచేస్తుంది. ఇక్కడి దుకాణాల్లో ఇచ్చే ఐడీపీ యూకే లైసెన్సు ఉన్నవాళ్లకి మాత్రమే.

స్లౌ నుంచి: ఐడీపీ అడగకుండా ఇచ్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

కోవెంట్రీ నుంచి: ఇచ్చేవాడు ఇస్తాడండీ. యాక్సిడెంటైతే చెల్లని లైసెన్సని ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది. చిన్నపిల్లాడున్న వాళ్లకి అలాంటి సలహా ఇవ్వకూడదు.

లెస్టర్ నుంచి: శాకాహారమన్నారు కదమ్మా, తిండికి బెంగలేదు. ‘నిస్తీసిమో’ అనే మాట గుర్తుపెట్టుకోండి, ఉపవాసపు వంట అని అర్థం. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలు, స్క్విడ్ వాళ్ల ఉపవాసానికి పనికొస్తాయి, కాబట్టి అవి కూడా లేవని అడిగి తీరాలి. పెద్ద చిక్కుళ్లు టమాటాతో వండేది ‘గిగాంతెస్’, బంగాళదుంప, వంకాయ, గుమ్మడి జాతి కాయతో ‘బ్రియామ్’, శనగపప్పులా పసుపుగా ఉండే ‘ఫావా’ ముద్ద. టమాటాల్లో బియ్యం కూరే ‘యెమిస్తా’లో కొందరు కీమా కలుపుతారు, అడగండి. గదిలో అన్నం వండుకుంటే అక్కడి గట్టి పెరుగు నీళ్లు కలిపి బాబుకి కమ్మగా పెట్టొచ్చు.

ఆవకాయ, పొడులు పట్టుకెళ్లండి. నెయ్యి మాత్రం వద్దు. యూకే నుంచి ఈయూలోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు, పాలకోవా కూడా అంతే. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది.

లీడ్స్ నుంచి: ఎంత ఓపిగ్గా చెప్పారండీ. సెలవు సెప్టెంబరుకి మార్చుకోగలను. అపార్ట్‌మెంటు ఓనరు ఒకాయన బ్యాంకుకి డబ్బు పంపితే తగ్గిస్తానంటున్నాడు, పంపొచ్చా?

రెడింగ్ నుంచి: పంపొద్దు. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు, బుకింగ్ సైటు వాళ్లు కూడా కలగజేసుకోరు. ప్రకటనలో ఏఎంఏ అనే, గ్రీసులో అద్దె ఇళ్లకి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లేకపోతే అటు చూడకండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ప్రభుత్వ రుసుం అదనంగా ఉంటుంది. మనిషికి కాదు, గదికి, రాత్రికి. త్రీస్టార్ హోటల్‌కి 5 యూరోలు, ఫోర్‌స్టార్‌కి 10, అపార్ట్‌మెంటుకి 8. ఓనరు అంతకు మించి అడిగితే రసీదు అడగండి.

సెప్టెంబరు మొదటి మూడు వారాల్లో చూడండి. గాలి తగ్గుతుంది, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. మే నెలలో ఎండ ఉన్నా నీళ్లు చల్లన, బాబు దిగడు. రాళ్ల దగ్గర సీ ఉర్చిన్లనే ముళ్ల జీవులుంటాయి, ముగ్గురికీ రబ్బరు చెప్పులు కొనండి. వీసా స్లాటు ఈ వారమే వెతకండి.