చెన్నైలో వింత చరిత్ర గల పార్కులు, కట్టడాలు: అనంతపురం నుంచి వచ్చే పెద్దవాళ్లకు ఏవి చూపించాలి?

ప్రశ్న: పడమటి మాంబళం నివాసి

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకు మా అత్తమామలు అనంతపురం జిల్లా నుంచి చెన్నై వస్తున్నారు. మెరీనా, వండలూరు జూ, కపాలీశ్వరుడి గుడి వారు ఇదివరకే చూశారు. టి.నగర్ బట్టల దుకాణాల పేరెత్తితే మామగారు చెప్పులు వేసుకోకుండానే కుర్చీలో వెనక్కి వాలిపోతారు. ఆయన రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఏ ఊరు వెళ్లినా అక్కడి విగ్రహం కింద చెక్కిన అక్షరాలన్నీ చదివేదాకా కదలరు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఎక్కువ మెట్లు, ఎక్కువ నడక కుదరవు. పర్యాటక శాఖ కరపత్రాల్లో కనిపించేవి కాకుండా, ఏదో ఒక విచిత్రమైన కథ ఉన్న పార్కులు, కట్టడాలు ఇక్కడ ఏమున్నాయో, వాటిలో నిజంగా వెళ్లి చూడదగ్గవి ఏవో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం: పెరంబూరు పాతకాపు

మీ మామగారిది అనంతపురం జిల్లా, పైగా రెవెన్యూ ఉద్యోగం అంటున్నారు కాబట్టి, ముందుగా ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద కూర్చున్న మన్రో దొర విగ్రహం చూపించండి. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాలకు, అంటే ఇప్పటి రాయలసీమకు, బళ్లారికి ప్రధాన కలెక్టరుగా ఉండి, రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే రైతువారీ పద్ధతిని అక్కడ పాదుకొల్పిన థామస్ మన్రో ఆయనే. తర్వాత మద్రాసు గవర్నరయ్యారు. పదవి ముగిసే వేళ తన పాత జిల్లాలను ఒకసారి చూసి రావాలని బయలుదేరి, 1827 జూలైలో పత్తికొండ వద్ద కలరాతో మరణించారు. మొదట గుత్తిలో ఖననం చేసి, కొన్నేళ్ల తర్వాత అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. తిరుమలలో ఆయన పేరిట మన్రో గంగాళం ఉన్న సంగతి అత్తయ్యగారికి మీకంటే బాగా తెలిసి ఉంటుంది.

ఇక విగ్రహం కథ. ఫ్రాన్సిస్ చాంట్రీ అనే శిల్పి ఇంగ్లండులో పోతపోసిన ఈ కంచు విగ్రహాన్ని ఓడలో తెప్పించి 1839లో ఇక్కడ నిలబెట్టారు. దొరగారి పాదాలను గమనించండి. బూట్లు గాలిలో వేలాడుతుంటాయే తప్ప వాటికి ఆసరాగా రికాబులు ఉండవు, గుర్రం మీద జీను కూడా కనిపించదు. శిల్పి ఆ సంగతి మరచిపోయాడనీ, తప్పు తెలుసుకుని ఆత్మహత్య చేసుకున్నాడనీ నగరంలో తరతరాలుగా ఒక కథ తిరుగుతోంది. అది ఉత్త కట్టుకథ. లండన్‌లోని ట్రఫాల్గర్ కూడలిలో ఇదే శిల్పి చేసిన నాలుగో జార్జి రాజు విగ్రహానికీ రికాబులు లేవు. మరచిపోయినవాడు మళ్లీ మళ్లీ అదే చోట మరచిపోడు కదా! అది ఆయన ఎంచుకున్న పద్ధతి.

అక్కడి నుంచి ప్యారీస్ కార్నర్‌కు వెళ్తే, డేర్ హౌస్ అనే భవనం మూలలో నల్లపట్నం, అంటే కోట బయట మనవాళ్లు ఉండిన పేట, హద్దురాయి ఒకటి ఉంది. 1758-59లో ఫ్రెంచి సైన్యం కోటను ముట్టడించినప్పుడు చుట్టుపక్కల ఇళ్లే వారికి మాటుగా ఉపయోగపడ్డాయి. ఆ ముట్టడి తర్వాత కోట ఎదుటి పాత పట్నాన్ని కూల్చి మైదానం చేసి, ఈ గీత దాటి ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో ఆరు స్తంభాలు పాతించారు. ఇప్పుడు మిగిలింది ఈ ఒక్కటే. సర్వే రాళ్లతో జీవితం గడిపిన మీ మామగారికి వేరే వివరణ అక్కరలేదు.

సమాధానం: లజ్ వీధి పాఠకుడు

పెరంబూరు మిత్రులు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు గానీ, పెద్దవాళ్లను తీసుకువెళ్లే విషయంలో నా అభిప్రాయం వేరు. మన్రో విగ్రహం అటూ ఇటూ వాహనాలు దూసుకుపోయే రోడ్డు నడుమ ఉంది. బండి ఆపడానికి వీల్లేదు, మోకాళ్ల నొప్పులున్నవారు రోడ్డు దాటడం సాహసమే అవుతుంది. కారులో వెళ్తూ ఒకసారి చూపించి, కథ ఇంటి దగ్గరే ముందుగా చెప్పుకోవడం మేలు. నన్నడిగితే వారిని కాసేపు కూర్చోబెట్టడానికి మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కును మించినది లేదు.

లజ్ చర్చి రోడ్డులోని ఈ పార్కుకు పేరు వచ్చింది దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి వల్లనే. కృష్ణా జిల్లా నుంచి బయలుదేరి, 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఆ మందు ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారాయన. ఆ పసుపుపచ్చని చిన్న సీసా మీద వచ్చిన లాభమే ఆంధ్రపత్రికను నిలబెట్టింది. 1908లో వారపత్రికగా బొంబాయిలో పుట్టిన ఆ పత్రిక 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. తలనొప్పి మందు ఒక జాతి రాజకీయానికి పెట్టుబడి కావడం కన్నా విచిత్రమైన చరిత్ర ఏ కోటలో ఉంటుంది? పొద్దున ఏడు గంటలకు వెళ్తే, నడక ముగించి బెంచీల మీద తమిళ పత్రికలు విప్పుకుని కూర్చున్న పెద్దలు కనిపిస్తారు. వారిలో ఎందరికి ఈ పేరు వెనకున్న మనిషి తెలుసో నాకు అనుమానమే.

మీ మామగారికి ప్రత్యేకంగా చెప్పవలసినది మరొకటుంది. ఈ లజ్ పరిసరాల్లోనే పంతులు గారి నివాసం శ్రీబాగ్ ఉండేది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం చేసుకున్నది అక్కడే. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, సాగునీటిలో సీమకు మొదటి ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు వంటి హామీలన్నీ అందులోవే. ఏవి అమలయ్యాయి, ఏవి కాలేదు అనే చర్చ మొదలైతే మీరు మధ్యాహ్న భోజనం వేళకు ఇల్లు చేరలేరని మాత్రం హెచ్చరిస్తున్నాను.

పార్కు నుంచి రాయపేట హైరోడ్డుకు ఆటోలో వెళ్లడం తేలిక. బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి, 58 రోజుల తర్వాత డిసెంబరు 15 రాత్రి పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. ఆ ఇంటినే ఇప్పుడు స్మారక భవనంగా నిలుపుకున్నారు. మైలాపూరుకు వచ్చే మనవాళ్లు గుడి చూసి, ఫిల్టరు కాఫీ తాగి వెళ్లిపోతారే తప్ప ఈ వాకిట్లో అడుగుపెట్టేవారు తక్కువ.

సమాధానం: అణ్ణానగర్ ఉద్యోగిని

పిల్లలు కూడా వెంట ఉంటే అణ్ణానగర్ టవర్ పార్కు నా సూచన. 1968లో జరిగిన అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన కోసం కట్టిన గోపురం అది, ప్రదర్శన పోయి గోపురం మిగిలింది. దానికి విశ్వేశ్వరయ్య గారి పేరు పెట్టారు. ఆయన పూర్వీకులది మన మోక్షగుండమే. పైనుంచి దూకి ప్రాణాలు తీసుకున్న సంఘటనల వల్ల చాలా ఏళ్లు మూసివేసి, ఇనుప కమ్ములు బిగించి 2023లో మళ్లీ తెరిచారు. అత్తయ్యగారిని కింద చెట్ల నీడన కూర్చోబెట్టి మిగిలినవారు ఎక్కి రావచ్చు.

సమాధానం: చెరువుల మీద మక్కువ గలవాడు

ప్రశ్న అడిగినవారు ఉండేదే పడమటి మాంబళంలో కాబట్టి, ఇంటి పక్కనున్నది ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మీ పేటలోని లేక్ వ్యూ రోడ్డు మీద నిలబడి చూడండి, ఎక్కడా నీటిచుక్క కనిపించదు. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు సాగిన పెద్ద చెరువు ఒకటి ఒకప్పుడు అక్కడ ఉండేది. 1920లలో దాన్ని ఎండగట్టి టి.నగర్‌ను నిర్మించారు. జస్టిస్ పార్టీ ఏలుబడిలో వెలసిన పేట కాబట్టి వీధులకు, పార్కులకు ఆ పార్టీవారి పేర్లే పెట్టారు. పేటకు పిట్టి త్యాగరాయ శెట్టి గారి పేరు, నడిమి పార్కుకు పానగల్ రాజా పేరు, మరో పార్కుకు నటేశ మొదలియార్ పేరు, ఒక రోడ్డుకు డాక్టర్ నాయర్ పేరు వచ్చాయి. పానగల్ రాజా అంటే కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు, 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి. నలువైపులా చీరల దుకాణాలు కమ్ముకున్న ఆ పార్కులో ఆయన విగ్రహం ఉన్న సంగతి సంచులు మోసే మనకు పట్టదు. పార్కులో కొంత భాగాన్ని మెట్రో పనులకు తీసుకున్నారు కాబట్టి వెళ్లే ముందు ఏ ద్వారం తెరిచి ఉందో కనుక్కోండి. మామగారిని దుకాణాల దాకా రప్పించడానికి కూడా ఇది మీకు పనికివస్తుంది.

పార్కులను మింగిన ఊరి సంగతి చూడాలంటే సెంట్రల్ స్టేషను దగ్గరికి వెళ్లాలి. గవర్నరు ట్రెవెల్యన్ హయాంలో వేసిన పీపుల్స్ పార్కులో చెరువులు, జంతుశాల కూడా ఉండేవి. 1855లో ఎగ్మోరు మ్యూజియంలో దాని అధికారి బాల్ఫోర్ మొదలుపెట్టిన జంతుశాల తర్వాత ఈ పార్కుకు, 1985లో వండలూరుకు మారింది. అంటే మీవారు చూసిన జూ తొలి ఇల్లు ఎగ్మోరు మ్యూజియమే. రిప్పన్ భవనం, విక్టోరియా పబ్లిక్ హాలు, తగలబడిపోయిన మూర్ మార్కెట్టు, నెహ్రూ స్టేడియం, ఇవన్నీ ఆ పార్కు నేలలోనివే. విక్టోరియా హాలుకు 1883లో పునాదిరాయి వేసినది విజయనగరం మహారాజు ఆనందగజపతి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. శ్రీబాగ్ పేరు వినగానే మామగారు ఫోనులోనే అరగంట మాట్లాడారు కాబట్టి లజ్ ప్రయాణం ఖాయమైంది. మైలాపూరు నుంచి మెరీనా మీదుగా తిరిగి వచ్చేటప్పుడు, అత్తయ్యగారు ఎక్కువ నడవకుండా చూడగలిగేది ఇంకొకటి ఉంటే తెలియజేయగలరు.

సమాధానం: పెరంబూరు పాతకాపు

మీ దారిలోనే ఐస్ హౌస్ ఉంది, ఇప్పుడు దాన్ని వివేకానంద ఇల్లం అంటున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ చెరువులు చలికాలంలో గడ్డకట్టినప్పుడు ఆ మంచును దిమ్మలుగా కోసి, రంపపు పొట్టులో పొదిగి, నెలల తరబడి ఓడలో తెచ్చి మద్రాసు దొరలకు అమ్మిన ఫ్రెడరిక్ ట్యూడర్ 1842 ప్రాంతంలో కట్టించిన మంచు గిడ్డంగి అది. ఇటువంటివి కలకత్తా, బొంబాయి, మద్రాసులలో కడితే ఇదొక్కటే మిగిలింది. యంత్రాలతో ఇక్కడే మంచు తయారు చేయడం మొదలయ్యాక వ్యాపారం చితికిపోయింది. తర్వాత బిళిగిరి అయ్యంగారు అనే వకీలు దాన్ని కొని, కిటికీలు పెట్టించి నివాసంగా మార్చారు. 1897 ఫిబ్రవరిలో విదేశాల నుంచి తిరిగివచ్చిన వివేకానందుడు బస చేసింది ఆ ఇంట్లోనే. గుండ్రంగా వంగిన ముందు గోడను కారులోంచి చూసినా చాలు, లోపలికి వెళ్లదలిస్తే మాత్రం మెట్ల సంగతి, సెలవు రోజు సంగతి ముందుగా కనుక్కుని బయలుదేరండి.