పాత వాల్వు రేడియో గురించి ఏఐ మూడుసార్లు మూడు రకాలుగా చెప్పింది, అసలు సమాధానం ఎక్కడ వెతకాలి?

తెనాలి కుర్రాడు:
అందరికీ నమస్తే. అటక మీద నుంచి మా తాతయ్య రేడియో దించాను. నేమ్‌ప్లేట్ లేదు, వెనక అట్ట సగం ఊడిపోయింది, ఏ కంపెనీయో ఏ మోడలో తెలీదు. లోపల బల్బుల్లాంటి నాలుగు గాజు వాల్వులున్నాయి, వాటి మీద యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85 అని ఉంది. అందులో యూసీఎల్82 గాజు పగిలిపోయింది. కరెంటు ఇంకా పెట్టలేదు. తాతయ్య పొద్దున్నే విజయవాడ స్టేషన్ పెడితే ఆ వార్తలకే ఇల్లంతా లేచేదని అమ్మ ఇప్పటికీ చెప్తుంది, అందుకే దీన్ని ఎలాగైనా మళ్లీ పలికించాలి.

ఏఐని అడిగితే మొదట ఈసీఎల్82 పెట్టుకోవచ్చు పిన్నులు ఒకటే అంది. ఇంకో చాట్‌లో అడిగితే పెట్టకూడదంది, మూడోసారి ఒక రెసిస్టర్ మార్చి పెట్టేయమంది. మూడుసార్లూ ఒకే ధీమాతో చెప్పింది. గూగుల్లో కొడితే అమ్మకాల పేజీలే వస్తున్నాయి, పాత చర్చలు దొరికినా వాటిల్లో ఫోటోలు ఎగిరిపోయాయి. ఇంకోటి, వేరియాక్ పెట్టుకుంటే షాక్ భయం ఉండదని కూడా చెప్పింది, అది నిజమేనా? మీరంతా ఇలాంటివి ఎలా వెతుకుతారు?

సోల్డర్ వాసన:
బాబూ ముందు వేరియాక్ సంగతి. అది నిజం కాదు. వేరియాక్ అంటే ఆటోట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజి తగ్గిస్తుంది అంతే, ఇంటి కరెంటు లైను, అంటే మెయిన్స్ నుంచి విడదీయదు. నీ దగ్గరున్నది యూ సిరీస్ సెట్టు, అంటే వాల్వుల పేర్లన్నీ యూ అక్షరంతో మొదలయ్యేది, వీటిల్లో మామూలుగా మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, మెయిన్స్‌లో ఒక వైరు నేరుగా లోపలి ఇనప చట్రానికి, అంటే చాసిస్‌కి వస్తుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం 230 వోల్టులు. నాబ్ పక్కన ఉండే చిన్న స్క్రూ వేలికి తగిలినా చాలు. సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చాసిస్ బయటికి తీసి కరెంటు పెట్టొద్దు. ఇది మాత్రం ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా మార్చుకోవద్దు.

ఇక ఈసీఎల్82. పిన్నులు ఒకటే అన్నది నిజమే, అందుకే ఆ సమాధానం నమ్మబుద్ధవుతుంది. తేడా అంతా వాల్వు లోపల వేడెక్కే తీగ, అంటే హీటర్‌లో ఉంది. యూసీఎల్82 హీటర్ 50 వోల్టులు 0.1 ఆంపియర్, ఈసీఎల్82 ది 6.3 వోల్టులు 0.78 ఆంపియర్. నీ సెట్టులో హీటర్లన్నీ దండలో పూలలాగా వరసగా ఉంటాయి, 19, 19, 50, 38 కలిపితే 126 వోల్టులు, మిగతా 104 వోల్టులూ ఒక పెద్ద రెసిస్టర్ మింగుతుంది. ఆ వరసలో ఈసీఎల్ పెడితే అది చల్లగా కూర్చుంటుంది, మిగతా మూడు వాల్వుల్లో కరెంటు పెరిగిపోయి అవి మాడతాయి. పేరులో మొదటి అక్షరమే హీటర్ సంగతి చెప్తుంది, 'ఈ' అక్షరం అంటే 6.3 వోల్టులు, 'యూ' అంటే 100 మిల్లీ ఆంపియర్ల వరస. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆ మూడు సమాధానాల్లో ఏది తప్పో నువ్వే పట్టేస్తావు.

పాత కాగితాలు:
వెతకడం గురించి నేను చెప్తాను తమ్ముడూ, నాకు ఇదే పని. మామూలు వాక్యం కొట్టొద్దు. వాల్వు నంబరు కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతుకు. అమెరికన్ పేరుతో కూడా వెతకాలి, యూసీఎల్82 నే అక్కడ 50బీఎం8 అంటారు, ఆ పేరుతో కొడితే వేరే దేశాల వాళ్ల పేజీలు బయటపడతాయి. బిఫోర్ అని కొట్టి కోలన్ పెట్టి 2015 అని చేర్చి చూడు, ఈమధ్య యంత్రాలు రాసి పడేసిన పేజీలు చాలావరకు పోతాయి. నీ సెట్టు ఏదో తేల్చుకోవడానికి డయల్ గాజు ఫోటో తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టు, తర్వాత రేడియోమ్యూజియం డాట్ ఆర్గ్‌లో మోడల్ పేజీలు చూడు, ఏ సెట్టులో ఏ వాల్వులున్నాయో వరసగా రాసి ఉంటుంది, మన దేశపు సెట్లు కూడా ఉన్నాయి.

ఫోటోలు ఎందుకు లేవన్నావు కదా. 2017లో ఫోటోలు దాచుకునే సైటు ఫోటోబకెట్ వాళ్లు బయటి సైట్లలో బొమ్మలు కనపడకుండా ఆపేశారు, అప్పట్లో చాలామంది సర్క్యూట్ ఫోటోలు అక్కడే పెట్టుకున్నారు. యాహూ గ్రూపులు 2020 డిసెంబర్‌లో పూర్తిగా మూతపడ్డాయి, అంతకుముందే అందులోని రాతలు తీసేశారు. ఎన్నేళ్ల అనుభవమో అలా పోయింది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఆ లింకు తీసుకెళ్లి పాత పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూడు, కొన్నిసార్లు పేజీ బతికే ఉంటుంది. ఏఐకి దొరకనిదంతా లేనట్టు కాదు. స్కాన్ చేసిన సర్వీస్ మాన్యువల్ చాలాసార్లు ఉత్త బొమ్మ, అందులో అక్షరాలు సెర్చ్‌కి కనపడవు, అలాంటివి మనం తెరిచి కళ్లతో చూడాల్సిందే.

గుజరాతీ గల్లీ:
నేను ఏఐని బాగానే వాడతా అన్నా, అడిగే పద్ధతి మార్చుకున్నాక. "ఇది పెట్టొచ్చు కదా" అని అడిగితే చాలాసార్లు ఔనంటది, మనం ఏది వినాలనుకుంటున్నామో ప్రశ్నలోనే చెప్పేస్తున్నాం కదా. నేను సమాధానం అడగను, ఈ పార్టుని ఇంగ్లీషులో జర్మన్‌లో ఏమేం పేర్లతో పిలుస్తరో చెప్పు అంటా, ఆ మాటలతో నేనే వెతుక్కుంటా. డేటాషీట్ పీడీఎఫ్ దొరికితే అది ఎక్కించి ఇందులో ఉన్నది మాత్రమే చెప్పు, ఏ పేజీలో ఉందో చెప్పు అంటా, ఆ పేజీ తీసి చూస్తా. జర్మన్ డేటాషీట్లు దానితోనే చదివించుకున్నా, చానా మంచిగ చేసింది. కానీ సర్క్యూట్ ఫోటోలో విలువలు మాత్రం నమ్మొద్దు, 4కే7, అంటే 4.7 కిలో ఓములు, అని ఉన్నది 47కే అని పదింతలు చేసి చదివింది నా ముందరే.

ఇంకొకటి, కొత్త వాల్వు పెట్టే ముందు దాని సిగ్నల్ అందుకునే పిన్ను, అంటే గ్రిడ్‌కి వచ్చే కాగితం కండెన్సర్ మార్చెయ్. అది లీకైతే కొత్త వాల్వు కూడా పోతది. ఇది ఏఐ తనంతట తాను చెప్పలే నాకు, కోఠిలో పార్టులు కొనేటప్పుడు ఒక పెద్దాయన చెప్పిండు.

తెనాలి కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. నెల పట్టింది. 50బీఎం8 అని వెతికితేనే వాల్వు దొరికింది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను, మైనం కాగితం కండెన్సర్లు ఏడూ మార్చాను. మొదట గుయ్‌మని ఒకటే హమ్ము వచ్చింది, ఫిల్టర్ కండెన్సర్ మార్చాక తగ్గింది. నిన్న పొద్దున 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ పలికింది, అమ్మ వంటింట్లోంచి పొయ్యి ఆపేసి వచ్చి నిలబడింది.

నాలాగే వెతికేవాళ్లకి దొరకాలని వాల్వుల వరస మళ్లీ రాస్తున్నా: యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85. ఈ వరసలో ఈసీఎల్82 పెట్టకండి. మార్చిన కండెన్సర్ల విలువలు, ఏది ఎక్కడుందో ఆ వివరాలు రాత్రికి పెడతా, ఫోటోలతో పాటు అక్షరాల్లో కూడా రాస్తా, రేపు ఆ బొమ్మలు పోయినా ఆ రాత మిగులుతుంది.