స్మార్ట్‌ఫోన్ లేని పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) ఎలా ఇవ్వాలి?

గోదారిగట్టు:
మా వీధిలో కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు, ఈపీఎఫ్ పెన్షన్ తీసుకునేవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఎక్కువమందికి బటన్ ఫోనే. "ఇప్పుడంతా యాప్‌లోనే, కాగితం తీసుకోం" అని కౌంటర్ దగ్గర తిప్పి పంపేస్తున్నారు. ఇద్దరికి వేలిముద్రలు అరిగిపోయాయి, ఒక పెద్దావిడ మంచం దిగలేరు. యాప్ తప్పనిసరా? నా ఫోన్‌లో అందరికీ చేసిపెట్టొచ్చా?

పెన్షన్‌సాయం:
కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు యాప్ తప్పనిసరి కాదండీ. 2014 నవంబర్‌లో వచ్చిన జీవన్ ప్రమాణ్, అంటే ఆధార్‌తో చేసే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, ఒక అదనపు దారి, అంతే. పెన్షన్ పడే బ్యాంకుకు చెందిన ఏ బ్రాంచిలోనైనా కాగితం ఇవ్వొచ్చు. సంతకం పెట్టిన రసీదు ఇవ్వడం బ్యాంకు బాధ్యత, అది చేతికొచ్చాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి. డిసెంబర్‌లో పెన్షన్ ఆగితే చూపించడానికి ఆ కాగితం ఒక్కటే ఆధారం. గడువు నవంబర్ 30. 80 ఏళ్లు దాటినవాళ్లు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. ఆలస్యమై పెన్షన్ ఆగినా, సర్టిఫికెట్ ఇచ్చాక బకాయితో సహా వస్తుంది.

ఈపీఎఫ్ వాళ్లది డిజిటల్ పద్ధతే, కానీ సొంత ఫోన్ అక్కర్లేదు. బ్యాంకు, పోస్టాఫీసు, కామన్ సర్వీస్ సెంటర్, ఈపీఎఫ్‌ఓ ఆఫీసు, ఎక్కడైనా చేయించుకోవచ్చు. ఏడాదిలో ఎప్పుడిచ్చినా ఆ తేదీ నుంచి సంవత్సరం చెల్లుతుంది కాబట్టి వాళ్లను నవంబర్ రద్దీలో నిలబెట్టకండి.

ఫేస్ఆథ్_హెల్పర్:
ఒకే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎంతమందికైనా చేయొచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ముఖాన్ని ఆధార్‌తో పోల్చే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా వేసుకోవాలి. రెండోది వెనకాల పనిచేస్తుంది, విడిగా తెరవక్కర్లేదు. ముందు ఆపరేటర్‌గా మీ ఆధార్, మీ ముఖం, తర్వాత పెన్షనర్ ఆధార్, ఓటీపీ, వివరాలు, ముఖం.

ఎక్కువగా తప్పు జరిగేది వివరాల దగ్గరే. సర్వీస్ పెన్షనా, ఫ్యామిలీ పెన్షనా అన్నది, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, ఖాతా నంబరు, మంజూరు చేసిన శాఖ, పెన్షన్ చెల్లించే సంస్థ, ఇవన్నీ పీపీఓ పుస్తకం పక్కన పెట్టుకుని చూసి కొట్టండి. చెల్లించే సంస్థ తప్పు ఎంచుకున్నా ప్రమాణ్ ఐడీ (ఆ సర్టిఫికెట్ నంబరు) వచ్చేస్తుంది, కానీ సర్టిఫికెట్ అసలు బ్యాంకుకు చేరదు. ఐడీ వచ్చిందంటే తయారైనట్టే, బ్యాంకు అంగీకరించినట్టు కాదు. కొన్నాళ్లాగి జీవన్ ప్రమాణ్ సైట్‌లో ఆ ఐడీతో స్థితి చూడండి. తిరస్కరిస్తే సరైన వివరాలతో కొత్తది చేయాలి. ఏటా కొత్త ఐడీయే, పాతది పనికిరాదు.

ముఖం తీసుకోకపోతే కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, వెలుతురు వీపు మీద కాక ముఖం మీద పడాలి. కళ్లద్దాలు తీయించి, మెల్లగా రెప్ప వేయమనండి. శుక్లాల ఆపరేషనైన కొత్తలో వద్దు. మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లకు, పునర్వివాహం చేసుకున్నవాళ్లకు ఈ డిజిటల్ సర్టిఫికెట్ వర్తించదు, బ్యాంకులో కాగితమే ఇవ్వాలి.

తపాలామిత్ర:
మంచం మీదున్న ఆవిడ కోసం పోస్ట్‌మ్యాన్‌తో చెప్పండి. పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున ఇంటికొచ్చి చేస్తారు, రుసుము ఎంతో ముందే అడగండి. 70 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు లైఫ్ సర్టిఫికెట్ సేవ ఇంటి దగ్గరే అందించాలని రిజర్వ్ బ్యాంకు 2017 నవంబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. కేంద్ర పెన్షనరైతే తహసీల్దారు, పోస్టుమాస్టరు, స్టేషన్ ఎస్సై వంటి అధీకృత అధికారి సంతకం చేసిన కాగితం పంపినా చాలు, స్వయంగా వెళ్లక్కర్లేదు. వేలిముద్ర పడనివాళ్లకు కనుపాప యంత్రం ఉందేమో కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి.

రెప్ప వేయలేనివాళ్లను వెనక్కి పంపడం అన్యాయం. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు కేవైసీలో (బ్యాంకులూ అవీ చేసే గుర్తింపు తనిఖీలో) పడుతున్న ఇబ్బందుల మీద వచ్చిన కేసది.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండీ. కాగితం తీసుకోనే తీసుకోమంటే?

పెన్షన్‌సాయం:
బ్రాంచి మేనేజరుకు రెండు ప్రతులతో రాసివ్వండి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికీ ఇంటర్నెట్ అక్కర్లేదు, చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి పోస్టులో పంపితే చాలు. ఈ ఫిర్యాదుల మీద సందేహాలకు రిజర్వ్ బ్యాంకు నంబరు 14448 బటన్ ఫోన్ నుంచి కూడా కలుస్తుంది.