థైరాయిడ్ మాత్ర ఆపాక పాప టీఎస్‌హెచ్ 7.8: ఇది తాత్కాలికమా, జీవితాంతమా?

మా పాపకి 3 ఏళ్ల 2 నెలలు, బరువు 13.5 కిలోలు. పుట్టిన మూడో రోజు మడమ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్; గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది) 48 వచ్చింది. తొమ్మిదో రోజు నరం నుంచి తీసి చూస్తే 62, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) 0.6. ఆ రోజే థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) మొదలుపెట్టారు. స్కాన్‌లో గ్రంథి ఉండాల్సిన చోటే, మామూలు సైజులోనే ఉంది. నాకు థైరాయిడ్ సమస్య లేదు, థైరాయిడ్‌పై దాడి చేసే యాంటీబాడీలూ లేవు. సిజేరియన్ కాన్పు, అప్పుడు అయోడిన్ మందుతో శుభ్రం చేశారు (దానివల్ల బిడ్డ థైరాయిడ్ తాత్కాలికంగా మందగించవచ్చు).

ఆపే ముందు ఏడాదిన్నరగా 25 మైక్రోగ్రాములే ఇచ్చాం. పాప బరువు పెరిగినా డోసు పెంచాల్సిన అవసరం రాలేదు, టీఎస్‌హెచ్ 2, 3 మధ్యే ఉండేది. అందుకే తాత్కాలికమేమోనని నాకు గట్టిగా ఆశ. మూడేళ్లు నిండాక డాక్టరు గారి పర్యవేక్షణలోనే 4 వారాలు మాత్ర ఆపాం. టీఎస్‌హెచ్ 7.8, ఫ్రీ టీ4 1.1. ల్యాబ్ పొరపాటేమోనని మూడు రోజులకి వేరేచోట చేయిస్తే 8.4.

టీఎస్‌హెచ్ 10 దాటితే మాత్ర మళ్లీ మొదలుపెట్టేవాళ్లమనీ, 6 కంటే తక్కువైతే ఆపేసేవాళ్లమనీ, ఇది మధ్యలో ఉందనీ మా డాక్టరు గారు అన్నారు. రెండో డాక్టరు ఇప్పుడే మొదలుపెట్టమంటున్నారు, మొదటివారు ఆగి చూద్దామంటున్నారు. పాప హుషారుగానే ఉంది, మలబద్ధకం లేదు, మాటలూ బాగానే వస్తున్నాయి.

మాత్ర ఆపాక మీ పిల్లలకి ఇలా 6, 10 మధ్య వచ్చి ఉంటే, తర్వాతి పరీక్ష ఎన్ని వారాలకి చేయించారు, అందులో తగ్గిందా, పెరిగిందా?