క్రిస్మస్ చెట్టుకు దోసకాయ బొమ్మ: నిజంగా జర్మనీ ఆచారమేనా?

మా చర్చిలో క్రిస్మస్ చెట్టుకు కట్టే ఒక్కో బొమ్మకీ దాని కథ రాసి చిన్న కార్డు పెడుతున్నాం. నక్షత్రం, గంట, దేవదూత అన్నీ అయిపోయాయి, గాజు దోసకాయ దగ్గర ఆగిపోయాను. అమెరికా నుంచి వచ్చిన ఆ పెట్టె మీద పాత జర్మన్ ఆచారం అని ఉంది, కొమ్మల్లో దాచిన దోసకాయని క్రిస్మస్ ఉదయం ముందుగా కనిపెట్టిన పిల్లలకి అదనంగా ఒక బహుమతి అట. కానీ జర్మనీలో బహుమతులు విప్పేది 24 సాయంత్రం కదా! అక్కడ ఉద్యోగం చేసే మా బావతో ఆఫీసులో అడిగిస్తే ఎవరూ వినలేదన్నారు, 2016 యూగవ్ సర్వేలో కూడా 91 శాతం మంది జర్మన్లకి ఇది తెలియదని తేలింది. జర్మనీలోని తురింగియా రాష్ట్రంలో ఉన్న లౌషా అనే ఊళ్లో 19వ శతాబ్దంలోనే పండ్లు, కాయల ఆకారాల్లో గాజు బొమ్మలు ఊదేవాళ్లు, 1880ల నుంచి వూల్‌వర్త్ దుకాణాలు జర్మన్ గాజు బొమ్మల్ని అమెరికాలో అమ్మేవి, అంతవరకు ఓకే. అమెరికా అంతర్యుద్ధంలో ఖైదీగా ఉన్న సైనికుడిని దోసకాయ ఊరగాయ బతికించిందనే కథ కూడా చదివాను గానీ దానికి ఆధారం దొరకలేదు, నాకైతే నమ్మకం లేదు.

జర్మనీలో, ముఖ్యంగా లౌషా వైపు ఉంటున్న తెలుగువాళ్లూ, అక్కడి పెద్దవాళ్లెవరైనా తమ చిన్నప్పుడు ఇంట్లో చెట్టులో ఈ దోసకాయ దాచేవాళ్లమని చెప్పగా మీరు విన్నారా?