ఈశ్వరీబాయి గారి శాసనసభ ప్రసంగాలు ఎక్కడ చదవవచ్చు?

నమస్కారం. సికింద్రాబాద్ చిలకలగూడలో 1918లో పుట్టి, ఉపాధ్యాయినిగా పనిచేసి, పురపాలక సభ్యురాలిగా రాజకీయాల్లో అడుగుపెట్టి, 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు ఎన్నికైన దళిత నాయకురాలు జె. ఈశ్వరీబాయి గారిపై దీర్ఘవ్యాసం రాస్తున్నాను. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఆమె పాత్రను అందరూ ప్రస్తావిస్తారు గానీ, కాంగ్రెస్‌దే పైచేయిగా ఉన్న ఆ సభలో ప్రతిపక్షాన కూర్చున్న ఒక దళిత మహిళ ఏయే ప్రశ్నలు లేవనెత్తారన్నదే, నా దృష్టిలో, అంతకన్నా విలువైన విషయం. ఆనాటి సభా చర్చల ముద్రిత సంపుటాలను అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలో గానీ తార్నాక రాష్ట్ర అభిలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్‌లో) గానీ చూసినవారెవరైనా ఉన్నారా? అనుమతికి ఎవరిని సంప్రదించాలి? ఆమె ఎన్నికల ప్రసంగాలను స్వయంగా విన్న పెద్దలు ఆ జ్ఞాపకాలను పంచుకున్నా ఎంతో మేలు చేసినవారవుతారు.