విజయవాడ–గుంటూరు లైన్ తెగితే రెండో దానికి మారడానికి 40 సెకన్లు. తగ్గించడం ఎలా?

ఆటోనగర్_నెట్:
ఆటోనగర్‌లో హెడ్డాఫీసు, గుంటూరు లక్ష్మీపురంలో బ్రాంచి. మధ్యలో ఇద్దరు ప్రొవైడర్ల నుంచి రెండు లేయర్-2 లీజ్డ్ లైన్లు. రెండు వైపులా సిస్కో రౌటర్లు, వాటిలో దారి ఎంచుకోవడానికి ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్. దారిలో ఫైబర్ తెగినా మా పోర్టు మాత్రం 'అప్' అనే చూపిస్తోంది. 40 సెకన్ల దాకా ట్రాఫిక్ ఆ చచ్చిన లైన్లోకే పోతోంది, బిల్లింగ్ సెషన్లన్నీ పడిపోతున్నాయి. ఓఎస్‌పీఎఫ్‌లో హలో (పలకరింపు ప్యాకెట్ల మధ్య గ్యాప్) 1 సెకను, డెడ్ (అవి రాకపోతే లైన్ పోయిందనుకునే గడువు) 4 సెకన్లు పెట్టేస్తే సరిపోతుందా అండీ?

పోర్ట్_3784:
మీ రౌటర్‌కి కనబడేది పక్కనున్న మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని రౌటర్ కేబుల్‌కి కలిపే పెట్టె) మాత్రమే. దానికి కరెంటున్నంతసేపూ పోర్టు పచ్చగానే వెలుగుతుంది. కన్వర్టర్‌లో లింక్ ఫాల్ట్ పాస్-త్రూ (ఫైబర్ వైపు లింక్ పోతే రౌటర్ వైపు పోర్టునీ దించే సౌకర్యం) ఆన్ చేసినా, ప్రొవైడర్ స్విచ్‌కి అవతల తెగితే దానికీ తెలీదు.

హలో, డెడ్ 10/40 అలాగే వదిలేయండి. లైన్ తెగిందని పట్టుకునే పని బీఎఫ్‌డీకి (రెండు రౌటర్లూ వెంటవెంటనే చిన్న ప్యాకెట్లు పంపుకుని లైన్ బతికుందా అని చూసుకునే ప్రోటోకాల్) ఇవ్వండి. రెండు రౌటర్లలోనూ, రెండు ఇంటర్‌ఫేసుల కిందా:

బీఎఫ్‌డీ ఇంటర్వెల్ 300 మిన్_ఆర్ఎక్స్ 300 మల్టిప్లయర్ 3
నో బీఎఫ్‌డీ ఎకో

ఓఎస్‌పీఎఫ్ ప్రాసెస్ కింద: బీఎఫ్‌డీ ఆల్-ఇంటర్‌ఫేసెస్

300 మిల్లీసెకన్లు, మూడుసార్లు: అంటే 900. అవతలివాడు పంపే గ్యాప్, మీరు తీసుకోగల గ్యాప్, ఈ రెండిట్లో ఏది పెద్దదైతే అదే లెక్కలోకొస్తుంది. గుంటూరులో 1000 ఉండిపోతే ఇక్కడ 300 రాసి లాభం లేదు. ఇంటర్వెల్ 50కి మాత్రం పోకండి. చిన్న రౌటర్లలో బీఎఫ్‌డీ సీపీయూ మీదే నడుస్తుంది, బ్యాకప్ నడిచే రాత్రి లింక్ బాగున్నా సెషన్ పడిపోతుంది.

కృష్ణాతీరం:
పైదానికి రెండు మాటలు. ఇంటర్‌ఫేస్ మీద ఏసీఎల్ (ప్యాకెట్లని ఆపే, వదిలే నియమాల జాబితా) ఉంటే బీఎఫ్‌డీ వాడే యూడీపీ పోర్టు 3784ని వదలాలి, లేకపోతే సెషన్ 'డౌన్'లోనే ఉంటుంది. ఇంటర్నెట్‌కి బీజీపీ (ప్రొవైడర్‌తో దారుల సమాచారం పంచుకునే ప్రోటోకాల్) కూడా ఉంటే అక్కడ హోల్డ్ టైమ్ (డెడ్ లాంటి గడువే) సిస్కోలో 180 సెకన్లు, దానికీ ఫాల్-ఓవర్ బీఎఫ్‌డీ పెట్టండి. ప్రొవైడర్ తనవైపు ఒప్పుకుని ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

అసలు దొంగ వేరే ఉండొచ్చు: ఎస్‌పీఎఫ్ (ఓఎస్‌పీఎఫ్ కొత్త దారి వెతికే లెక్క) టైమర్. పాత ఐఓఎస్‌లో (సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్) మొదటి లెక్కకే 5000 మిల్లీసెకన్లు ఆగుతుంది. బీఎఫ్‌డీ సెకనులోపే పట్టేసినా కొత్త దారి రావడానికి ఇంకో 5 సెకన్లు. టైమర్స్ థ్రాటిల్ ఎస్‌పీఎఫ్ 50 200 5000 అని రెండు వైపులా ఇవ్వండి.

పోర్ట్_3784:
అవునండీ, అది మర్చిపోయాను. టెస్ట్ చేసేటప్పుడు రౌటర్‌లో 'షట్‌డౌన్' కొట్టకండి, పోర్టే పడిపోతుంది కాబట్టి బీఎఫ్‌డీని పరీక్షించినట్టు కాదు. కన్వర్టర్‌కి ఫైబర్ వైపు ప్యాచ్‌కార్డ్ లాగండి (పాస్-త్రూ ఆఫ్‌లో ఉంచి). లినక్స్ నుంచి 0.2 సెకన్ల గ్యాప్‌తో పింగ్ పెడితే ఐదారు పోవాలి. ఇరవై దాటాయంటే ఎస్‌పీఎఫ్ టైమర్ చూడండి.

ఇంకోటి, రెండు లైన్లూ కృష్ణని ఎక్కడ దాటుతున్నాయో ప్రొవైడర్లని రూట్ మ్యాప్ అడగండి. రెండూ కనకదుర్గ వారధి మీదుగానే వెళ్తుంటే ఈ టైమర్లేవీ అక్కరకు రావు.

ఆటోనగర్_నెట్:
'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్' చూశాను. ఎస్‌పీఎఫ్ మొదటి లెక్కకి ఆగే సమయం ఆటోనగర్‌లో 50, గుంటూరు రౌటర్‌లో 5000. రాత్రి షాపులు కట్టేశాక మార్చి ప్యాచ్‌కార్డ్ లాగి చూస్తాం. మ్యాప్‌ల కోసం ఇద్దరికీ మెయిల్ పెట్టాను.